కామెర్ల పసరు ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తుంది?

పసరు మందు తాగిన కామెర్ల రోగుల్లో ఎక్కువమందికి నయమవుతుంది. హేతువాదులు ఒప్పుకోవడానికి కాస్త తటపటాయించే మాట ఇది. కానీ నిజం. ఈ చర్చ ఎక్కడైనా మొదలుపెట్టాలంటే ఇక్కడే మొదలుపెట్టాలి. ఎందుకంటే ‘చదువు లేక నమ్ముతున్నారు’ అన్న వివరణ బొత్తిగా సరిపోదు. లెక్చరర్లు, ఇంజినీర్లు, బ్యాంకు ఉద్యోగులు కూడా తెల్లవారుజామున పరగడుపున బయల్దేరి పసరు పోసే ఊరికి వెళ్తారు. వాళ్లకు పుస్తకాలు ఏం చెప్పినా, పక్కింటాయనకు తగ్గడం కళ్లారా చూశారు. చూసింది నిజమే. దాన్నిబట్టి కట్టుకున్న లెక్కలోనే తేడా ఉంది.

ఆ తేడా ఎక్కడ వస్తుందో పట్టుకుంటే పాము మంత్రం, చేప మందు, స్వస్థత సభలు, తాయెత్తులు ఒకదాని వెనక ఒకటి అర్థమవుతాయి. ముందు ఒక విషయం విడదీసుకోవాలి. ఈ వ్యాసంలో మూడు రకాల మనుషులు కనిపిస్తారు: తన మందును తానే మనస్ఫూర్తిగా నమ్మి పైసా తీసుకోకుండా ఇచ్చేవాళ్లు, నమ్ముతూనే సంపాదించుకునేవాళ్లు, పనిచేయదని తెలిసి కనికట్టు చేసేవాళ్లు. మూడోరకం తక్కువే. మొదటిరకం వాళ్ల మీదే జనానికి గురి ఎక్కువ. అందుకే వాళ్లను ‘మోసగాళ్లు’ అంటే ఊరంతా ఒక్కసారిగా మీదపడుతుంది.

కామెర్లు అనేది ఒక జబ్బు పేరు కాదు

మన ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. పాతబడి పగిలిన కణాల నుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. కాలేయం దాన్ని శుద్ధిచేసి పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపుతుంది. మలానికి ఆ రంగు వచ్చేది దానివల్లే. రక్తంలో బిలిరుబిన్ మామూలుగా డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము అటూఇటూగా ఉంటుంది. అది 2.5, 3 దాటితే కంటి తెల్లగుడ్డులో పసుపు కనబడుతుంది. దాన్నే కామెర్లు అంటాం.

ఈ దారిలో ఎక్కడ చెడినా కళ్లు ఒకేలా పచ్చబడతాయి. కాలేయానికి చేరకముందే చెడవచ్చు: మలేరియా, సికిల్ సెల్ జబ్బుల్లో కణాలు మరీ ఎక్కువగా పగులుతాయి. కాలేయంలోనే చెడవచ్చు: హెపటైటిస్ వైరస్‌లు, మద్యం, కొన్ని టీబీ మాత్రలు, పచ్చ భాస్వరం ఉన్న ఎలుకల మందు పేస్టు. కాలేయం దాటాక చెడవచ్చు: పైత్యనాళంలో రాయి, క్లోమగ్రంథి తలభాగంలో క్యాన్సర్. ఈ చివరి రకంలో మలం సున్నంలా తెల్లబడుతుంది, ఒళ్లంతా దురద పుడుతుంది. ఎలుకల మందు తిన్నవాళ్ల విషయం మరీ ప్రమాదకరం. మొదటి ఒకటి రెండు రోజులు వాంతులు, కడుపునొప్పి వచ్చి సర్దుకున్నట్టే ఉంటుంది. తర్వాత కామెర్లు తేలతాయి. పరువు కోసం ఇంట్లోవాళ్లు విషం సంగతి దాచి ‘పచ్చకామెర్లు’ అని పసరుకు తీసుకెళ్తే, ఆసుపత్రిలో గడపాల్సిన గంటలు దారిలో పోతాయి.

ఇన్ని వేర్వేరు జబ్బులకు ఒకే ఆకు పసరు ఎలా విరుగుడు అవుతుంది? నాళంలో ఇరుక్కున్న రాయిని పసరులో ముఖ్యంగా వాడే నేల ఉసిరి కరిగించలేదు. అయినా పసరు మనిషికి పేరొస్తూనే ఉంటుంది. ఎందుకంటే అతని గుమ్మం తొక్కేవాళ్లలో ఎక్కువమందికి వచ్చేది వాటంతట అవే తగ్గే కామెర్లు.

పసరు మోతాదు, జబ్బు నడక ఎక్కడ కలుస్తాయి

కలుషితమైన నీటి ద్వారా, తిండి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు మన దగ్గర కామెర్లకు పెద్ద కారణాలు. 1955–56లో యమునా నీటిలో మురుగు కలిసి ఢిల్లీలో దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఇ అని తర్వాతెప్పుడో తేలింది.

ఈ వైరస్ జబ్బు నడక గమనించండి. హెపటైటిస్ ఎ వైరస్ ఒంట్లో చేరాక సగటున నాలుగు వారాలకు జ్వరం, వికారం, అన్నం వాసన కూడా పడకపోవడం మొదలవుతాయి. కొద్దిరోజులకు మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. ఆ తర్వాతే కళ్లు పచ్చబడతాయి. తమాషా ఏమిటంటే, కళ్లు పచ్చబడే వేళకు చాలామందిలో జ్వరం, వికారం తగ్గుముఖం పడతాయి. అంటే ఇంట్లోవాళ్లు కళ్లు చూసి కంగారుపడి పసరుకు పరుగెత్తే రోజుకే రోగి కోలుకునే దారిలో ఉంటాడు. పసరు తాగిన రెండు మూడు రోజులకు ఆకలి పుడుతుంది. ‘మొదటి డోసుకే అన్నం అడిగాడు’ అంటారు. మూడు ఆదివారాలో మూడు గురువారాలో పసరు పోస్తారు గదా, ఆ గడువు రెండు మూడు వారాలు. కళ్లలో పసుపు దిగిపోవడానికి చాలామందికి పట్టే కాలమూ ఇంచుమించు అంతే.

దీన్ని ఎవరో కూర్చుని పథకం వేసి అమర్చి ఉండకపోవచ్చు. ఒక్క రోజులో తగ్గిస్తానన్న వైద్యుడికి చెడ్డపేరొచ్చి కనుమరుగై ఉంటాడు. మూడు వారాలన్నవాడు నిలబడ్డాడు. తరాల మీద జబ్బు నడకకు సరిపోయే మోతాదే మిగిలింది.

100 మంది లెక్క

ఒక పసరు వైద్యుడి దగ్గరికి ఏడాదిలో 100 మంది వచ్చారనుకుందాం. కింది అంకెలు లెక్క తేలడానికి వేసుకున్నవే, సర్వేలో వచ్చినవి కావు.

అందులో 85 మందికి ఎ, ఇ వైరస్ కామెర్లు. ఒకరికి కాలేయం పూర్తిగా దెబ్బతింటుంది, 84 మంది కోలుకుంటారు. మిగిలిన 15 మందిలో అయిదుగురు తాగుడు వల్ల వచ్చినవాళ్లు. పథ్యం పేరుతో మందు ముట్టొద్దన్నారు కాబట్టి వాళ్లలో ముగ్గురు తేరుకుంటారు (ఇక్కడ వైద్యుడికి నిజంగానే పుణ్యం దక్కాలి). నలుగురికి పైత్యనాళంలో రాళ్లు. ఇద్దరిలో రాయి జారిపోయి, లేదా పక్కకు జరిగి పసుపు తాత్కాలికంగా దిగుతుంది. ఇద్దరికి టీబీ మాత్రలు పడలేదు. ఒకాయన ‘ఇంగ్లీషు మందులు ఆపేయ్’ అన్నారని ఆపితే కామెర్లు తగ్గుతాయి, లోపల టీబీ మాత్రం పెరుగుతుంది. ఇద్దరికి ముదిరిన హెపటైటిస్ బి, ఇద్దరికి క్యాన్సర్.

కూడండి: 84, 3, 2, 1. నూటికి 90 మందికి ‘తగ్గింది’. గ్లాసులో పసరు బదులు మంచినీళ్లు పోసినా ఇదే 90. ఊళ్లో ఎవరూ మంచినీళ్లు పోసి చూడలేదు, అందువల్ల రెండో అంకె ఎవరికీ తెలియదు. మనకు మొత్తం గందరగోళం వచ్చేది ఆ ఖాళీ గడి దగ్గరే.

ఇక తగ్గని పదిమంది. కోలుకున్నవాళ్లు కొబ్బరికాయ పట్టుకుని తిరిగొస్తారు, మరో నలుగురిని తోడు తెస్తారు. ముదిరినవాళ్లు వెనక్కి రారు. నెలకో రెండు నెలలకో పట్నం ఆసుపత్రిలో చేరి అక్కడ ప్రాణం వదిలితే ఆ చావు ఆసుపత్రి పద్దులో పడుతుంది. ‘పసరు మానేసి ఆసుపత్రికి పోయాడు, ప్రాణం మీదికొచ్చింది’ అన్న మాట అలా పుడుతుంది. పసరు వైద్యుడు అబద్ధమాడటం లేదు. తన దగ్గర ఒక్కరూ పోలేదని ఆయన అన్నప్పుడు నిజంగానే ఒక్కరూ పోయి ఉండరు.

పసుపు ఎంత ఎక్కువుంటే జబ్బు అంత ప్రమాదమన్న అభిప్రాయమూ ఈ లెక్కను చెడగొడుతుంది. హెపటైటిస్ ఎలో బిలిరుబిన్ 15కు చేరినా హాయిగా కోలుకునేవాళ్లున్నారు. ప్రాణాపాయాన్ని చెప్పేవి వేరే ఉన్నాయి: రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే ఐఎన్ఆర్ 1.5 దాటడం, దానితోపాటు మాట తడబడటం, పగలు మగత, రాత్రి నిద్రలేమి, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం. కళ్లలో పసుపు చూసి ‘తక్కువే ఉంది’ అని తేల్చేవారికి ఐఎన్ఆర్ కనబడదు. హెపటైటిస్ ఇ మామూలు మనుషుల్ని వదిలేసినంత తేలిగ్గా నెలలు నిండుతున్న గర్భిణుల్ని వదలదు. వాళ్లలో మరణాలు నూటికి 20 దాకా వెళ్తాయి. పుట్టిన బిడ్డల కామెర్లు మళ్లీ వేరే సంగతి. చాలావరకు వారం పదిరోజుల్లో పోతాయి, కానీ బిలిరుబిన్ హద్దు దాటితే మెదడుకెక్కి శాశ్వతంగా దెబ్బతీస్తుంది. నీలికాంతి దీపం కింద పడుకోబెట్టే చికిత్స దానికోసమే.

కంటికి కనిపించే ‘రుజువులు’

తగ్గడం ఒక్కటే అయితే నమ్మకం ఇంత గట్టిపడదు. జబ్బు బయటికి పోతున్నట్టు కళ్లముందు కనబడాలి.

ముక్కులో చుక్కలు వేసే పద్ధతి ఉంది. చేదుబీర జాతి కాయల రసం పోస్తే ముక్కులోపలి పొర మండి, వాచి, గంటల తరబడి పసుపు నీరు ధారగా కారుతుంది. ‘కామెర్ల నీరు దిగుతోంది’ అంటారు. కామెర్లు లేనివాళ్ల ముక్కులో పోసినా పొర వాచి నీరు కారుతుంది. కంట్లో పసరు పిండితే నీళ్లు కారి కన్ను తేటపడినట్టు ఉంటుంది. శుభ్రంలేని పసరైతే నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు. మణికట్టు దగ్గర వాతలు, తెలంగాణలో చుర్కలంటారు, అవీ ఇంతే. కాలిన చోట నీటిబుడగ లేచి పసుపు రసి కారుతుంది.

ఉత్తరాది రాష్ట్రాల్లో ఇంకా నాటకీయమైనవి ఉన్నాయి. వైద్యుడు రోగి చేతులకు ఏదో రసం పూసి, సున్నపు నీళ్లతో కడిగితే పళ్లెంలో నీళ్లు పచ్చగా మారతాయి. మామిడి బెరడు రసానికి సున్నం తగిలితే రంగు మారుతుంది. మనకు ఇది కొత్తేమీ కాదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయని దిష్టి తీసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. రసాయనం అదే రకం, పేరు మాత్రం చికిత్స. మరో చోట మెడలో కామెర్ల దండ వేస్తారు. మూలిక కాడల ముక్కల్ని జారుముడితో కట్టిన ఆ దండ, కాడలు ఎండి సన్నబడేకొద్దీ ముడులు వదులై రోజురోజుకూ కిందికి సాగుతుంది. దండ సాగుతుంటే జబ్బు దిగుతోందని లెక్క. గోడకు తగిలించినా సాగుతుందని పక్కన ఇంకొకటి తగిలించి చూస్తేనే తెలుస్తుంది.

పాముకాటు: మంత్రానికి దక్కే మార్కులు

దేశంలో 300కు పైగా పాము జాతులుంటే, మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కరిచినవాటిలో చాలావరకు విషంలేని పాములే. విషసర్పం కరిచినా ప్రతిసారీ విషం వదలదు. వీటిని పొడి కాట్లు అంటారు. మళ్లీ లెక్క కోసమే, 100 కాట్లలో 70 విషంలేనివి, మిగిలిన 30లో 10 పొడి కాట్లు అనుకుంటే, మంత్రగాడు నోరు విప్పకముందే 80 మంది క్షేమం. పరీక్షలో 80 మార్కులు కాగితం మీద ముందే వేసి ఇచ్చినట్టు.

మిగిలిన 20 మందికే ఆసుపత్రికి చేరేలోపలి సమయం ప్రాణం. వేపాకు నమిలించి చేదు తెలిస్తే విషం లేదంటారు. కట్లపాము కరిచినవాడికి మొదటి గంటలో వేపాకు చక్కగా చేదుగానే ఉంటుంది. ఆ పాము రాత్రిపూట, నేలమీద నిద్రపోతున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. గంటల తర్వాత కనురెప్పలు వాలతాయి, మింగడం కష్టమవుతుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగుతాయి. రెప్పలు వాలడాన్ని ‘నిద్ర పట్టింది, విషం దిగింది’ అనుకున్న సందర్భాలు ఉంటాయి.

రక్తపింజర విషం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. దానికి ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా చేయగల పరీక్ష ఉంది: శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు ఉంచి వంచుతారు. ఇంకా నీళ్లలా పారితే విషం ఎక్కినట్టు. అప్పుడు విరుగుడు మందు సాధారణంగా 8 నుంచి 10 వయల్స్‌తో (చిన్న మందు సీసాలతో) మొదలుపెడతారు. ఈ విరుగుడు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదు గానీ, అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాన్ని, నరాల కొసల్ని వెనక్కి తేలేదు. పాము రాయి కాటుకు అతుక్కుని ‘విషం పీల్చాక’ దానంతటదే రాలుతుందంటారు. కాల్చిన ఎముక లాంటి చిల్లుల పదార్థం తడిగా ఉన్న దేనికైనా అంటుకుంటుంది, తడి పీల్చి నిండాక రాలుతుంది.

2001–03 మధ్య మరణాలపై జరిగిన దేశవ్యాప్త అధ్యయనంలో పాముకాటు మరణాలు ఏడాదికి దాదాపు 46 వేలని తేలింది. వాటిలో ఆసుపత్రిలో జరిగినవి నూటికి 23 మాత్రమే. తర్వాతి అంచనాలో 2000 నుంచి 2019 వరకు సగటు ఏడాదికి 58 వేలకు చేరింది. అన్నిటికీ మంత్రగాడే కారణం కాదు. దూరం, రాత్రివేళ వాహనం దొరకకపోవడం, దగ్గరి కేంద్రంలో విరుగుడు లేకపోవడం కూడా ఇందులో ఉన్నాయి.

ఆస్తమా, చేప మందు: హెచ్చుతగ్గుల జబ్బుతో వచ్చే చిక్కు

కామెర్లు ఒకసారి వచ్చి పోతాయి. ఆస్తమా అలా కాదు, పెరుగుతూ తగ్గుతూ ఏళ్లకేళ్లు ఉంటుంది. ఏ మనిషీ బాగున్న రోజున కొత్త వైద్యుణ్ణి వెతుక్కోడు. మరీ బాధగా ఉన్నప్పుడే వెతుక్కుంటాడు. మరీ బాధ తర్వాత సాధారణంగా వచ్చేది కాస్త తక్కువ బాధే. ఆ మధ్యలో ఏం చేసినా దానికి పేరొస్తుంది. మోకాళ్ల నొప్పులు, తలనొప్పి, చర్మవ్యాధుల్లోనూ ఇదే.

హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం మృగశిర కార్తె నాడు ఇచ్చే చేప మందు ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. రెండు మూడు అంగుళాల బతికున్న కొర్రమీను నోట్లో పసుపు రంగు ముద్ద పెట్టి రోగి చేత మింగిస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. డబ్బు తీసుకోరు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా వేలమంది బారులు తీరతారు, మత్స్యశాఖ చేపపిల్లలు సరఫరా చేస్తుంది. కొవిడ్ వల్ల ఆగి 2023లో మళ్లీ మొదలైంది. వరసగా మూడేళ్లు తీసుకోవాలి, 45 రోజులు పథ్యం పాటించాలి. చేప కదులుతూ గొంతులోని కఫాన్ని ఊడ్చుకుపోతుందన్న వివరణ చాలామంది నోట వినిపిస్తుంది. చేప వెళ్లేది ఆహారనాళంలోకి. ఆస్తమా ఉండేది శ్వాసనాళాల్లో.

మరి ‘ఈ ఏడు ఊపిరి తేలిగ్గా ఉంది’ అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? 2011లో ఒక అమెరికన్ వైద్యపత్రికలో వచ్చిన ప్రయోగం దీనికి జవాబు ఇస్తుంది. ఆస్తమా రోగులకు వేర్వేరు రోజుల్లో అసలు ఇన్‌హేలర్, మందులేని ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ ఇచ్చారు, ఇంకోసారి ఏమీ ఇవ్వలేదు. యంత్రంతో ఊపిరి బలం కొలిస్తే అసలు మందుతో 20 శాతం మెరుగైంది, మిగిలిన మూడింటిలోనూ 7 శాతమే. రోగుల్ని ‘ఎంత హాయిగా ఉంది’ అని అడిగితే అసలు మందుకు 50 శాతం, మందులేని ఇన్‌హేలర్‌కు 45, ఉత్తుత్తి సూదులకు 46, ఏమీ లేనప్పుడు 21 అన్నారు. హాయి అనిపించడం నిజం. ఊపిరితిత్తులు తెరుచుకోలేదన్నదీ నిజం. ఈ రెండూ కలిసి ఉన్నప్పుడు ఆస్తమా రోగి ఇన్‌హేలర్ పక్కన పెట్టేస్తే, తర్వాతి ఉబ్బసం దెబ్బ హఠాత్తుగా వస్తుంది.

వేదిక మీద లేచి నడవడం

బాబాలు, దర్గాలు, స్వస్థత సభలు అన్నిటిలోనూ మతంతో పని లేకుండా పనిచేసే సూత్రం ఒకటే. వేదిక మీదికి ఎవరు వస్తారో నిర్వాహకులు ఎంచుకుంటారు. వేలమంది మధ్య ఉద్వేగంలో నొప్పి కొన్ని గంటలు మొద్దుబారుతుంది, అందుకని కర్ర పారేసి నడిచినవాడు నటించి ఉండకపోవచ్చు. మర్నాడు అతను ఎలా ఉన్నాడో మాత్రం కెమెరా చూపదు.

తెలిసి చేసిన మోసం ఎలా ఉంటుందో 1986లో అమెరికాలో బయటపడింది. పీటర్ పోపాఫ్ అనే ప్రచారకుడు జనంలో ముక్కూమొహం తెలియని వాళ్ల పేర్లు, జబ్బులు, వీధి నంబర్లు గడగడా చెప్పేవాడు. ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ బృందం రేడియో స్కానర్ పెట్టి వింటే, భక్తులు సభకు ముందు నింపిన ప్రార్థన చీటీలను అతని భార్య తెర వెనక నుంచి చదువుతోంది. అతని చెవిలోని బుల్లి పరికరానికి 39.17 మెగాహెర్ట్జ్‌లో అది చేరుతోంది. నడవగలిగే వృద్ధులనే చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తర్వాత ‘లే, నడువు’ అనడం కూడా ఇలాంటి సభల్లో బయటపడిన చిట్కాయే. పొట్టికాలు పొడుగవడం అనే విద్యలో కాలు పెరగదు, బూటు మడమ కాస్త జారుతుంది.

ప్రార్థనకు అసలేమీ శక్తి లేదా అన్నదాన్ని పరీక్షించిన వాళ్లూ ఉన్నారు. 2006లో ప్రచురితమైన ప్రయోగంలో 1,802 మంది బైపాస్ రోగుల్ని మూడు గుంపులు చేశారు. తమకోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియనివాళ్లలో ప్రార్థన జరిగిన గుంపులో 52 శాతం మందికి, జరగని గుంపులో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత చిక్కులొచ్చాయి. తప్పకుండా జరుగుతోందని తెలిసినవాళ్లలో 59 శాతం. విశ్వాసులు దీనిమీద ఒక అభ్యంతరం చెబుతారు: దేవుణ్ణి లెక్కల పరీక్షకు పెట్టడమే తప్పు, ప్రార్థన ఇచ్చేది మనోధైర్యం. అది న్యాయమైన మాటే. ఆ మాట మీద నిలబడితే ఏ వైద్యుడికీ గొడవ లేదు. పేచీ ‘మాత్రలు ఆపేయ్’ అన్న దగ్గర మొదలవుతుంది.

పొడి నిజంగానే పనిచేస్తే

కీళ్లనొప్పులకు, ఉబ్బసానికి ఇచ్చే పేరులేని పొట్లాలు కొన్ని రెండు రోజుల్లో మనిషిని లేపి కూర్చోబెడతాయి. అప్పుడు అనుమానించాల్సింది అందులో నూరి కలిపిన స్టెరాయిడ్‌ను. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు చవక, రుచి మూలికల చేదులో కలిసిపోతుంది. నెలల తరబడి తింటే మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీ మానుకుంటుంది. పొడి హఠాత్తుగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం. రోగి దీన్ని ‘మందు మానేస్తే ఎంత కష్టమో’ అని అర్థం చేసుకుని మళ్లీ అదే పొట్లం కోసం వెళ్తాడు. లోహాల సంగతి ఇంకొకటి. 2008లో అమెరికాలో ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే అయిదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనబడింది.

ఓడిపోవడానికి వీల్లేని మందు

‘పథ్యం తప్పాడు’. నమ్మకాన్ని ఇన్ని తరాలు కాపాడిన మాట ఇదే. నలభై రోజులు ఉప్పు, నూనె, చింతపండు, మాంసం, మద్యం మానాలంటే ఎవరైనా ఎక్కడో ఒకచోట జారతారు. తగ్గితే మందు గొప్పతనం. తగ్గకపోతే పెళ్లి భోజనంలో తిన్న వంకాయ కూర. తప్పు రోగిదే అయ్యాక అతను సిగ్గుతో నోరెత్తడు. ‘హస్తవాసి’, ‘టైము దాటాక తెచ్చారు’, ‘మూడో ఏడు తీసుకోలేదు’ అన్నవీ ఇదే పని చేస్తాయి. ఏ ఫలితం వచ్చినా మందు నిలుస్తుందంటే, ఆ మందు గురించి మనకు ఫలితం ఏమీ చెప్పనట్టే.

ఉచితంగా ఇవ్వడం కూడా నమ్మకాన్ని పెంచుతుంది. డబ్బు తీసుకోని మనిషికి అబద్ధమాడే అవసరమేముంటుంది అనిపిస్తుంది. నిజాయితీకి అది సాక్ష్యమే గానీ, మందు పనితనానికి కాదు.

ఆసుపత్రి వైపు ఉన్న తప్పు

పసరు వైపు వాదించేవాళ్ల మాటల్లో బలమున్నవి రెండు. మొదటిది, వైరస్ కామెర్లకు డాక్టరు దగ్గరా ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతి, సరిపడా తిండి, నీళ్లు, ప్రమాద సూచనల మీద కన్ను, అంతే. ఆ మాట చెప్పి పంపితే రోగికి ‘ఏమీ ఇవ్వలేదు’ అనిపిస్తుంది. దానికి భయపడి లివర్ టానిక్ సీసా రాసిచ్చే డాక్టరు, పసరు వైద్యుడు వాడుకున్న 90 మార్కులనే తనూ వాడుకుంటున్నాడు. రేటు మాత్రమే ఎక్కువ.

రెండోది, నాటు వైద్యుడు కూర్చోబెట్టి మాట్లాడతాడు, నాడి పట్టుకుంటాడు, ఏం తినాలో ఏం కూడదో విడమరిచి చెబుతాడు. ఇంటిల్లిపాదికీ చేయడానికో పని ఇస్తాడు. ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, చీటీ రాయించుకుని, రెండు నిమిషాల్లో బయటికి రావడంతో దాన్ని పోల్చుకోవడం తప్పనిసరి. ఈ కొరత తీరనంతవరకు, పసరు తప్పని చెప్పే ప్రచారం చెవికెక్కదు.

‘మన మూలికల్ని చిన్నచూపు చూస్తున్నారు’ అన్న మూడో వాదన మాత్రం సగమే సరి. సర్పగంధ రక్తపోటు తగ్గిస్తుందని బొంబాయి డాక్టర్ రుస్తుం వకీల్ 1949లో కొలతలతో రాశాక ప్రపంచమంతా తీసుకుంది. చైనా మూలిక నుంచి మలేరియా మందు ఆర్టెమిసినిన్ తీసిన తూ యూయూకు 2015లో నోబెల్ వచ్చింది. మూలిక కావడం వాటికి అడ్డు కాలేదు. వాటిని కొలిచారు, మోతాదు కట్టారు, పనిచేయని వాటిని పక్కన పెట్టారు.

కామెర్ల పసరులో ముఖ్యమైన నేల ఉసిరికీ ఆ అవకాశం దొరికింది. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి వైరస్ మోస్తున్నవాళ్లకు నెల రోజులు ఇస్తే 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచం ఉలిక్కిపడింది. ఇతర చోట్ల మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. తర్వాత వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూసినా ఉత్తుత్తి మందుకంటే మెరుగని చెప్పే గట్టి ఆధారం నిలవలేదు.

కృష్ణపట్నం, చట్టం

2021 మే నెలలో, కొవిడ్ రెండో అల ఉధృతంగా ఉండగా, నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది ఎగబడ్డారు. ఆక్సిజన్ పడిపోయినవాళ్లకు కంట్లో చుక్కలు వేస్తే నిమిషాల్లో లేచారన్న వీడియోలు తిరిగాయి. పంపిణీ ఆపించిన ప్రభుత్వం, కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి పరిశీలన తర్వాత మే 31న, కంటి చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతిచ్చింది. హాని కనబడలేదన్నది ఆ అనుమతికి ఆధారం. కొవిడ్‌ను తగ్గిస్తుందని ఎవరూ నిర్ధారించలేదు. జనం మాత్రం ‘ప్రభుత్వమే ఒప్పుకుంది’ అని విన్నారు. హాని లేదు, మేలు ఉంది అనే రెండు మాటల మధ్య దూరం అలాంటి వారాల్లో కనబడదు. కొవిడ్ సోకినవాళ్లలో అత్యధికులు ఎలాగూ కోలుకుంటారు కాబట్టి, ఇక్కడా పసరు లెక్కే నడిచింది.

1954 నాటి మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం తాయెత్తు, మంత్రం, కవచం లాంటివాటితో జబ్బు నయం చేస్తామని ప్రకటించడాన్ని నేరంగా చూస్తుంది. క్యాన్సర్, మధుమేహం, మూర్ఛ, పక్షవాతం వంటి జబ్బుల పట్టికా అందులో ఉంది. మొదటిసారికి శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పేరులోనే ఉన్నట్టు, దాని గురి ప్రకటన మీద. ప్రకటన లేకుండా నోటిమాటతో నడిచే వైద్యానికి అది పెద్దగా తగలదు. మహారాష్ట్ర 2013లో, మూఢనమ్మకాలపై పోరాడిన హేతువాది నరేంద్ర దాభోల్కర్ హత్య తర్వాత, కర్ణాటక 2017లో ఇలాంటివాటి మీద విడి చట్టాలు తెచ్చుకున్నాయి. పాముకాటుకు, కుక్కకాటుకు వైద్యం అందకుండా అడ్డుపడటాన్ని మహారాష్ట్ర చట్టం నేరాల్లో చేర్చింది. హైదరాబాద్‌లో జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు కోర్టుల దాకా వెళ్లాక ‘చేప మందు’ కాస్తా ‘చేప ప్రసాదం’ అయింది. ప్రసాదానికి మందుల చట్టం వర్తించదు, బారు మాత్రం అంతే ఉంది.

ఈలోగా కామెర్ల రోగులకు సంబంధించి ఒక మార్పు పెద్దగా చప్పుడు లేకుండా వచ్చింది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఎంపికచేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో బి, సి రకాలకు పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్ సి సోకినవాళ్లలో నూటికి 95 మందికి పైగా సాధారణంగా 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతారు. బి రకాన్ని మాత్రలతో అదుపులో పెట్టవచ్చు. బిడ్డ పుట్టిన 24 గంటల్లో మొదలుపెట్టే టీకా దాన్ని చాలావరకు రానివ్వదు కూడా. పసరు లెక్కలో తగ్గని పదిమందిలో ఉన్న ఆ ఇద్దరు బి రోగులకు ఈ మాత్రలు పనికొచ్చేవి. అది బి రకమని తెలియాలంటే మాత్రం మూడు ఆదివారాలు గడిచేలోగా ఎవరో ఒకరు రక్తపరీక్ష రాయాలి.